మూతి కుట్టారు సరే, నోట్లో చూశారా?

మా రోజుల్లో బిడ్డ భూమ్మీద పడగానే మంత్రసాని చేసే మొదటి పని నోట్లో వేలు పెట్టడం. చూపుడు వేలికి మెత్తటి పాతగుడ్డ చుట్టుకుని లోపలి జిగురంతా తుడిచేది. ఆ గుడ్డ శుభ్రం గురించీ, ఆ గోళ్ల గురించీ మేము ఆమెతో పోట్లాడని రోజు లేదు. అయినా ఆ వేలు ఒక మేలు చేసేది. అంగిట్లో చీలిక ఉంటే ఇట్టే తెలిసిపోయేది. "నర్సమ్మా, ఈ బిడ్డకు అంగిలి కలవలేదు, పాలు పట్టేది కష్టం" అని అక్కడికక్కడే చెప్పేసేది.

ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే. మంచిదే. దానికోసమే మేము ఇల్లిల్లూ తిరిగి గొంతు చించుకున్నాం. కానీ ఇప్పుడేం చేస్తున్నారు? బిడ్డను తుడుస్తారు, తూకం వేస్తారు, టవల్లో చుడతారు, ఫోటో తీస్తారు. అది నిమిషంలో బెంగళూరులో ఉన్న మేనమామకూ, కువైట్‌లో ఉన్న నాయనకూ చేరిపోతుంది. పెదవి బాగుంటే బిడ్డ బాగున్నట్టే. నోరు తెరిచి, టార్చి వేసి, కొండనాలుక దాకా చూసే ఓపిక ఎవరికీ లేదు. నా కోపమంతా ఇందుకే.

ఏఎన్‌ఎంగా పుంగనూరు పల్లెల్లో ఉద్యోగం మొదలుపెట్టి, మదనపల్లెలో చాలాకాలం చేసి, కుప్పం పక్క రిటైరైన దాన్ని. గ్రహణం మొర్రి అని మనవాళ్లనే పెదవి చీలికను చూడగానే ఎవరైనా గుర్తుపడతారు. అది కంటికి కనపడుతుంది కాబట్టి ఏడుస్తారు, దాస్తారు, ఏదో ఒకనాడు ఆసుపత్రికి తీసుకుపోతారు. కనపడని చీలికలూ, ఎవరూ ఎన్నడూ చూడని చీలికలూ ఉన్నాయి. వాటి గురించి అప్పుడూ చెప్పినవాళ్లు లేరు, ఇప్పుడూ చెప్పేవాళ్లు తక్కువ.

కుప్పం దగ్గర పల్లె నుంచి ఒక జేజి తన మనవరాలిని నా దగ్గరికి తీసుకొచ్చింది. బడికి పోయే వయసు. పెదవి చక్కగా ఉంది, పళ్లు చక్కగా ఉన్నాయి. "మాట ముక్కులో వస్తా ఉండాది నర్సమ్మా. బళ్లో పిల్లోళ్లంతా ఎగతాళి చేస్తా ఉండారు. ఇప్పుడు నోరే విప్పదు" అంది జేజి. పసితనంలో పాలు ముక్కులోంచి వచ్చేవా అని అడిగితే, అప్పుడప్పుడూ వచ్చేవంది. అంతకుముందే ఒకచోట చూపించారట. ముక్కు వెనక అడినాయిడ్ అనే కండ పెరిగిందని చెప్పి అది తీసేశారు. తీశాక మాట ఇంకా చెడింది. ఆ పిల్లను వెలుతురులో కూర్చోబెట్టి "ఆ" అనమన్నాను. కొండనాలుక రెండుగా చీలి ఉంది. అంగిలి మెత్తటి భాగంలో నడిమధ్య నీలంగా పలచటి గీత. గట్టి అంగిలి చివర వేలితో తడిమితే చిన్న నొక్కు.

పైన పొర మూసుకుని, దాని కింద కండరం కలవకుండా ఉండిపోయిన చీలిక అది. చూసేవాళ్లకు అంగిలి నిండుగా ఉన్నట్టే ఉంటుంది. కానీ మనం ప, బ, ట, డ అనాలంటే నోట్లో గాలి నిలవాలి. అందుకు అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారిని మూయాలి. కండరం మధ్యలో కలవకపోతే అది లేవదు. గాలి ముక్కులోంచి పోతుంది. "బాబు" అనబోయిన పిల్ల నోట "మాము" అని వస్తుంది. అడినాయిడ్ కండ కొంత అడ్డుపడి ఆ సందును మూస్తూ ఉంటుంది. దాన్ని తీసేస్తే ఉన్న ఆసరా కూడా పోతుంది. అందుకే ఆ ఆపరేషన్‌కు ముందు కొండనాలుకను తప్పక చూడాలని వైద్యపుస్తకాలు చెబుతాయి. చూడటానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఎవరూ పెట్టలేదు, పిల్ల బడిలో మూగదైపోయింది. కొండనాలుక చీలిన ప్రతివాళ్లకూ చికిత్స కావాలని నేననడం లేదు. నూటికి ఒకరిద్దరికి అలా ఉంటుంది, వాళ్లలో చాలామంది హాయిగా మాట్లాడతారు, పాడతారు. మాట చెడినప్పుడైనా నోట్లోకి తొంగి చూడమంటున్నాను.

ఇంకో సంగతి. అంగిలిని కదిలించే కండరాలే చెవి లోపలి గొట్టాన్ని తెరుస్తాయి. అవి సరిగా పనిచేయకపోతే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది, వినికిడి తగ్గుతుంది. వినపడని పిల్లకు మాట ఎలా వస్తుంది? బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టి మొద్దు అన్న పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరో.

ఇక గ్రహణం వల్లే మొర్రి వస్తుందనే నమ్మకం సంగతి.

మా రోజుల్లో గ్రహణం పట్టిందంటే కడుపుతో ఉన్న పిల్లను చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. కదలకూడదు, కూర తరగకూడదు, నీళ్లు తాగకూడదు, ఒంటికి కూడా పోకూడదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అప్పటి ఉమ్మడి రాష్ట్రం మీదుగానే పోయింది. మా చిత్తూరు జిల్లాలో సూర్యుడు పూర్తిగా కమ్మకపోయినా ఊళ్లకు ఊళ్లు తలుపులు బిడాయించుకున్నాయి. నీళ్లు తాగండమ్మా, ఏమీ కాదు అని మేము గడప గడపా తొక్కితే ముసలమ్మలు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వాళ్లకు చదువు లేదు, చెప్పేవాళ్లు లేరు. అప్పటికి అంతే.

ఇప్పుడు ఇంటికొక డిగ్రీ ఉంది. మనవరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. గ్రహణం వారం ఉందనగానే టీవీలో పొద్దున్నుంచి రాత్రిదాకా గర్భిణుల జాగ్రత్తలే. యూట్యూబ్‌లో అవే, వాట్సాప్‌లో అవే. ఆనాటి జేజి చెప్పింది ఊరి పొలిమేర దాటేది కాదు. ఈనాడు అదే మాట సూటు వేసుకుని, శాస్త్రం అని పేరు పెట్టుకుని, లక్షమంది చెవిలో పడుతోంది. ఇది నాకు మింగుడు పడదు.

ఎందుకంటే లెక్క చాలా తేలిక. బిడ్డ పై పెదవి గర్భంలో నాలుగో వారం మొదలుకుని ఏడో వారం లోపల ఏర్పడిపోతుంది. ముక్కు వైపు నుంచి వచ్చే భాగమూ, బుగ్గల వైపు నుంచి వచ్చే భాగాలూ దగ్గరికి జరిగి కలుసుకుంటాయి. అప్పటికి బిడ్డ పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. అంగిలి ఆ తర్వాత. నాలుకకు అటూ ఇటూ నిలువుగా దిగి ఉన్న రెండు పలకలు పైకి లేచి, అడ్డంగా తిరిగి, నడిమధ్య అతుక్కుంటాయి. పన్నెండో వారానికి అదీ ముగుస్తుంది. నెల తప్పిందని ఆ పిల్ల అత్తకు చెప్పేసరికే పెదవి పని సగం అయిపోయి ఉంటుంది. ఆరో నెలలో పట్టిన గ్రహణం రెండో నెలలో అతుక్కున్న పెదవిని ఎలా కోస్తుంది? సూర్యగ్రహణాలూ చంద్రగ్రహణాలూ కలిపి ప్రపంచం మీద ఏటా తక్కువలో తక్కువ నాలుగు వస్తాయి. ఏ బిడ్డ పుట్టినా వెనక్కి లెక్కేస్తే తొమ్మిది నెలల్లో ఏదో ఒక గ్రహణం దొరకక మానదు. దాన్ని పట్టుకుని తల్లిని పీడిస్తారు. మెక్సికోలోనూ ఇదే నమ్మకం. చంద్రుణ్ణి ఏదో కొరికిందని, గర్భిణి నడుముకు ఇనుప తాళంచెవో పిన్నీసో కట్టుకోవాలని అక్కడి ముసలమ్మలు చెబుతారు. కట్టుకున్నవాళ్లకూ కట్టుకోనివాళ్లకూ, ప్రపంచం మొత్తం మీద సగటున దాదాపు 700 మంది బిడ్డల్లో ఒకరికి ఈ చీలిక వస్తూనే ఉంది.

తల్లిని అడిగే ఆ ప్రశ్నలున్నాయే, అవి నేను ఎన్ని ఇళ్లలో విన్నానో. "ఏం కోశావే? ఏం చూశావే? బయటికెందుకు పోయావే?" పచ్చి బాలింత గోడకు తిరిగి ఏడుస్తూ ఆ నెలలన్నీ నెమరేసుకునేది. తప్పు చేశానని తానే నమ్మేది. బిడ్డ మూతికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆ తల్లి మనసుకు తగిలిన దెబ్బ మానేది కాదు.

మదనపల్లెలో ఒక ఇంట్లో కోడలికి అంగిలి చీలిన బిడ్డ పుట్టింది. అత్త రోజూ గ్రహణం మాటే. బిడ్డను చూద్దామని పోయిన నాకు బిడ్డ తండ్రి ఎదురుపడ్డాడు. అతని కింది పెదవి మీద, నడిమధ్యకు అటూ ఇటూ, రెండు చిన్న గుంటలు. అప్పుడప్పుడూ అక్కడ తడి ఊరుతుందని చెప్పాడు. వాళ్ల నాయనకూ అలాగే ఉండేదట. బిడ్డ కింది పెదవి చూస్తే అక్కడా రెండు చుక్కలు. దీన్ని వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ అంటారు. ఐఆర్‌ఎఫ్6 అనే జన్యువులో వచ్చిన మార్పు దీనికి కారణమని 2002లో తేలింది. ఈ మార్పు ఉన్న తల్లికో తండ్రికో పుట్టే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఒకే ఇంట్లో ఒకరికి గుంటలు మాత్రమే ఉంటాయి, ఒకరికి పెదవి చీలుతుంది, ఇంకొకరికి అంగిలి చీలుతుంది. పెద్ద డాక్టరు దగ్గరికి నేనే వాళ్ల వెంట పోయి, కోడలి ముందే అత్తకు చెప్పించాను. ఆ తర్వాత ఆ ఇంట్లో గ్రహణం మాట వినపడలేదు. కాబట్టి మొర్రి బిడ్డ పుడితే ఆకాశం వైపు చూడటం మాని, తల్లిదండ్రుల కింది పెదవులు చూడండి.

కారణాల గురించి మన నేల మీదే ఒక మంచి సర్వే జరిగింది. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో కడప, మెదక్, కృష్ణా జిల్లాల్లో కాన్పులను పరిశీలించారు. హైదరాబాద్ ముఖశస్త్ర నిపుణుడు డాక్టర్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి, ఆయనతో పనిచేసిన వైద్యులు ఆ వివరాలను 2010లో ప్రచురించారు. వెయ్యి కాన్పులకు 1.09 మంది బిడ్డలు చీలికతో పుట్టారు. వాళ్లలో నూటికి 65 మంది మగబిడ్డలు. ఒక పక్కే చీలిన పెదవుల్లో ఎడమవైపువే ఎక్కువ. అరుదైన ముఖ చీలికలు నూటికి ఒకటి. అంటే సుమారు లక్ష కాన్పులకు ఒకటన్నమాట. దగ్గరి సంబంధం చేసుకున్న దంపతుల్లో ఈ చీలికల అవకాశం 5 నుంచి 7 రెట్ల దాకా ఎక్కువ కనిపించింది.

ఆ సర్వేలో నాకు నిద్ర పట్టనివ్వని అంకె ఒకటుంది. పెదవి బాగుండి అంగిలి ఒక్కటే చీలినవి నూటికి 2 మాత్రమే. ప్రపంచంలో చాలాచోట్ల అవి పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటాయి. జాతులను బట్టి ఈ పాళ్లు మారతాయి, నిజమే. కానీ అంత తేడానా? మన బిడ్డలకు అంగిలి చీలికలు తక్కువని నేను నమ్మను. ఎవరూ చూడక లెక్కలోకి రాలేదంటాను. పాలు ముక్కులోంచి వచ్చి, ఊపిరితిత్తుల్లోకి పోయి, నిమ్ము చేసి నెల తిరక్కుండా పోయిన పసికందులను నేనెరుగుదును. వాళ్లు ఏ జబ్బుతో పోయారని రాశారో కూడా నాకు గుర్తే. ఎక్కడా అంగిలి మాట లేదు.

మేనరికం సంగతికి వస్తాను. మా చిత్తూరు జిల్లాలో అక్క కూతురిని చేసుకోవడం గొప్ప. ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్లముందే ఉంటుంది, కట్నం పేచీ ఉండదు. మేనమామకూ మేనకోడలికీ పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే పదహారింట ఒకటి. ఇంట్లో దాగి ఉన్న చెడ్డ జన్యువు అలా రెండు వైపులా కలిసినప్పుడు బయటపడుతుంది. పుంగనూరు ఆవు అంటే ప్రాణం పెట్టే రైతులను చూశాను. ఆవుకు ఎద్దును దాటించేటప్పుడు అదే తల్లి ఈత కాకూడదని పక్క ఊరిదాకా నడిపించుకుపోయేవాళ్లు. ఆ జాగ్రత్త సొంత కూతురి పెళ్లికి ఉండేది కాదు. ఈ విషయంలో మా రోజులే తప్పు, ఇప్పటి పిల్లలు నయం. చదువుకున్న ఆడపిల్ల "మామను చేసుకోను" అని నోరు తెరిచి చెబుతోంది. ఆ మాట చెప్పే ధైర్యం మా కాలంలో ఎవరికీ లేదు.

అయితే మేనరికాన్ని కొత్త గ్రహణంగా మార్చొద్దు. ఏ చుట్టరికమూ లేని దంపతులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. చాలా ఇళ్లలో కారణం ఒక్కటి ఉండదు, జన్యువులు కొంత, తల్లి ఆరోగ్యం కొంత, చుట్టూ ఉన్నవి కొంత కలుస్తాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్, టోపిరమేట్ లాంటి మందులు ఈ ముప్పును పెంచుతాయి. భయపడి మాత్ర మానేస్తే ఫిట్స్ వచ్చి తల్లికే ప్రమాదం, కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్ర గర్భంతో అసలు పనికిరాదు. పొగాకు, సారాయి, గర్భానికి ముందునుంచే ఉన్న షుగరు కూడా లెక్కలోకి వస్తాయి. మా రోజుల్లో ఆడవాళ్లు ఆకువక్కలో పొగాకు నమిలేవాళ్లు, మగవాళ్లు ఇంట్లోనే బీడీ ఊదేవాళ్లు. ఇప్పుడు పొగాకు కొంత తగ్గింది గానీ పాతికేళ్ల పిల్లలకు షుగరు వచ్చింది.

ఇక్కడ ప్రభుత్వం మీద కూడా నాకొక ఫిర్యాదుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన ఎర్రమాత్ర మేము పంచేది నాలుగో నెల నుంచి. రక్తహీనతకు అది మంచిదే. కానీ అప్పటికి పెదవీ అంగిలీ రెండూ అయిపోయి ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం వెన్నుపాము లోపాలను ఆపుతుందని గట్టిగా తేలింది. మొర్రి విషయంలో అంత గట్టి రుజువు లేకున్నా, ఏదైనా మేలు చేయాలంటే అది గర్భానికి ముందు నెల నుంచే ఒంట్లో ఉండాలి. పెళ్లయిన పిల్ల చేతిలో ఆ మాత్ర పెట్టేవాళ్లు ఏరీ? కడుపు పండిందని తెలిశాకే మనకు ఆమె గుర్తొస్తుంది.

అరుదైనవి అన్నాను కదా. అవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పెదవి మూలనుంచి చీలిక బుగ్గ మీదుగా చెవివైపు పోతుంది కొందరికి. నోరు ఒక పక్క పెద్దదిగా ఉంటుంది, చెవి ముందు చిన్న కండ వేలాడుతుంది, చెవి కూడా చిన్నదై ఉండొచ్చు. ఇంకొందరికి పై పెదవి నుంచి చీలిక ముక్కు పక్కగా కంటిదాకా పోతుంది. కింది రెప్ప సరిగా ఉండదు, కన్ను మూతపడదు. ఆ బిడ్డకు మూతికంటే ముందు కన్ను. మందు వేసి తడిగా ఉంచకపోతే నల్లగుడ్డు ఎండి పుండుపడి చూపు పోతుంది. ఈ మాట పుట్టిన రోజే చెప్పేవాళ్లు ఉండాలి. మరికొందరికి పై పెదవి సరిగ్గా నడిమధ్య చీలుతుంది. మామూలు మొర్రి నడిమికి కాస్త పక్కన ఉంటుంది. నడిమధ్య ఉంటే మెదడు సరిగా ఏర్పడిందో లేదో చూపించుకోవాలి. కింది పెదవి, గడ్డం నడిమధ్య చీలే బిడ్డలు కూడా ఉన్నారు. ఫ్రాన్సుకు చెందిన పాల్ టెస్సియర్ అనే సర్జన్ 1976లో ఈ ముఖ చీలికలకు 0 నుంచి 14 దాకా అంకెలు వేశాడు. బుగ్గ మీదిది 7. కంటివైపు పోయేవి 3, 4. కింది దవడదాన్ని 30 అంటారు. ఆ అంకె ఒకటి రాసి ఇస్తే ఏ ఊరి డాక్టరుకైనా బిడ్డను చూడకముందే సగం తెలిసిపోతుంది.

వీటిలో చాలావాటికి ఇంట్లో ఎవరికీ ఇలా ఉండదు. కొన్నిసార్లు ఉమ్మనీటి సంచి పొర చిరిగి, ఆ పోగులు బిడ్డ ముఖానికో చేతికో చుట్టుకుంటాయి. ముఖం మీద చీలికతో పాటు వేళ్ల మీద బిగించి కట్టినట్టు గీతలుంటే, వేలు తెగి ఉంటే, ఇదే అయి ఉండొచ్చు. మేనరికమూ కాదు, వంశమూ కాదు, తల్లి చేసిన పనీ కాదు. పుంగనూరు పక్క అలాంటి బిడ్డను చూసి ఊరంతా తల్లి ఏదో పాపం చేసిందంది. ఆ బిడ్డను నెలరోజులు కూడా ఎవరూ ఎత్తుకోలేదు, తల్లి తప్ప.

గడ్డం చిన్నదై లోపలికి పోయి, నాలుక వెనక్కి జారి, అంగిలి వెడల్పుగా చీలిన బిడ్డలున్నారు. 1923లో పియెర్ రాబిన్ అనే ఫ్రెంచి వైద్యుడు దీని గురించి రాశాడు, ఆయన పేరే స్థిరపడింది. వెల్లకిలా పడుకోబెడితే నాలుక గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆడదు. పక్కకో బోర్లానో, డాక్టరు చెప్పినట్టు, కనిపెట్టుకుని పడుకోబెట్టాలి. మా రోజుల్లో ఇలాంటి బిడ్డ నీలంగా మారితే గాలి సోకిందనేవాళ్లు.

పాలు పట్టడంలో మాత్రం పాతకాలం వాళ్ల ముందు ఇప్పటివాళ్లు నిలవలేరు. చీలిక ఉన్న బిడ్డ నోట్లో గాలి బిగియదు, చనుబాలు లాగలేదు. మా ముసలమ్మలు తల్లి చేత గిన్నెలోకి పాలు పిండించి, బిడ్డను ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో బుగ్గ పక్కనుంచి చుక్క చుక్కగా పోసేవాళ్లు. నాలుగు గుక్కలకోసారి భుజాన వేసుకుని తేన్పు తెప్పించేవాళ్లు. ఒకామె అలసిపోతే ఇంకొకామె. ఒక గంట పట్టినా విసుక్కునేవాళ్లు కాదు. అందరూ అలా ఉన్నారని చెప్పను. ఆడబిడ్డయితే "అది బతకదులే" అని చక్కెర నీళ్లతో సరిపెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి, వాటిని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కానీ పట్టాలనుకున్నవాళ్లు పట్టారు, బతికించారు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో బిడ్డ ముక్కులో గొట్టం వేసి, రంగురంగుల ఫైలు చేతికిచ్చి ఇంటికి పంపుతారు. గిన్నెతో ఎలా పట్టాలో ఆ తల్లి పక్కన కూర్చుని చేసి చూపే మనిషి లేదు. బరువు పెరగక ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఆపరేషన్‌కు లెక్కుంది. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు అంటే నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్. ఇవి ఉంటే పెదవి కుట్టొచ్చని పాత సూత్రం. అంగిలి ఏడాది, ఏడాదిన్నర లోపల. మాట రాకముందే అది మూయాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య పంటి చిగుట్లో ఎముక పెట్టాల్సి రావచ్చు. మధ్యలో మాట నేర్పే శిక్షణ, చెవి పరీక్ష, పళ్లు సరిచేయడం. అరుదైన చీలికలకైతే ముఖం ఎదిగే కొద్దీ ఆపరేషన్ మీద ఆపరేషన్. ఇది పదహారు, పద్దెనిమిదేళ్ల పని.

మా రోజుల్లో మదనపల్లె మేరీ లాట్ లైల్స్ మిషన్ ఆసుపత్రి, అది దాటితే వేలూరు సీఎంసీ, మాకు తెలిసిన దారి అంతే. పుంగనూరు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులు మారుకుంటూ పోవాలి. కుప్పం వాళ్లు రైలెక్కి కాట్పాడిలో దిగేవాళ్లు. మేక అమ్ముకుని, కమ్మలు కుదవపెట్టి పోయేవాళ్లు. పోలేనివాళ్లు పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకునే బతుకంతా గడిపారు. ఇప్పుడు ఆ బాధ లేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఈ ఆపరేషన్లున్నాయి. స్మైల్ ట్రైన్ సంస్థ దేశమంతా భాగస్వామి ఆసుపత్రుల్లో ఉచితంగా చేయిస్తోంది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ పక్క పల్లెపిల్ల పింకీ మీద తీసిన ‘స్మైల్ పింకీ’ డాక్యుమెంటరీకి 2009లో ఆస్కార్ కూడా వచ్చింది. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో మొర్రి బిడ్డల కోసం 2022లో ప్రత్యేక కేంద్రం పెట్టారు. కుప్పంలోనే పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకీ బడికీ డాక్టర్లే వచ్చి పిల్లలను చూడాలి. వాళ్లు చూడాల్సిన ఆరోగ్య సమస్యల జాబితాలో పెదవి, అంగిలి చీలిక ఉంది.

ఇన్ని ఉండి కూడా ఏం జరుగుతోంది? పెదవి కుట్టించి, ముందూ తర్వాతా ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని, అయిపోయిందంటున్నారు. అంగిలికి రమ్మన్న తేదీ దాటిపోతుంది. మాట శిక్షణ అంటే "పెద్దయితే అదే వస్తుందిలే" అంటారు. రాదు. అంగిలి ఆలస్యంగా మూసిన బిడ్డ అప్పటికే గొంతులోంచి మాట్లాడటం అలవాటు చేసుకుంటుంది, దాన్ని మాన్పించడం చాలా కష్టం. ఆనాడు వేలూరికి పోవడానికి మేక అమ్మినవాడు రెండో ఆపరేషన్‌కూ మేక అమ్మాడు. ఈనాడు ఉచితంగా చేస్తామంటే బస్సెక్కరు.

స్కానింగు గురించి చెప్పకుండా ఉండలేను. అయిదో నెల స్కానులో పెదవి చీలిక కనపడుతుంది. కనపడగానే "తీయించేద్దామా?" అని అడుగుతున్న ఇళ్లు పెరిగాయి. మెదడు లోపంతో కలిసి వచ్చే నడిమి చీలిక వేరే సంగతి, దాని గురించి పెద్ద డాక్టర్లు ఆ తల్లిదండ్రులకు ఓపికగా చెప్పాలి. కానీ మామూలు పెదవి చీలిక మూడో నెలలో కుట్టేసేది. దానికోసం నిండు బిడ్డను వద్దనుకోవడమా? కడుపులో ఉన్నప్పుడే తెలియడం ఎందుకు? పుట్టే చోటు ముందే చూసుకోవడానికి, పాలు పట్టడం నేర్చుకోవడానికి, మనసు గట్టి చేసుకోవడానికి. అలా వాడుకుంటే స్కాను వరం. పైగా ఆ స్కానులో అంగిలి చీలిక ఒక్కటే ఉంటే చాలాసార్లు తెలియదు. స్కాను బాగుందని పుట్టాక నోరు చూడటం మానొద్దు.

ఒక బిడ్డ ఇలా పుడితే తర్వాతి బిడ్డకూ ఇలాగే అవుతుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. తల్లిదండ్రులిద్దరూ బాగుండి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే, ఆ అవకాశం నూటికి 3 నుంచి 5. పెదవి మీద గుంటలున్న ఇళ్లలో అది వేరు, అక్కడ జన్యు పరీక్ష చేయించుకుని తెలుసుకోవాలి.

కాన్పులు చేసే చెల్లెళ్లకూ, డాక్టర్లకూ, జేజులకూ నేను కోరేది ఇదే. బిడ్డ పుట్టిన రోజే నోరు తెరిచి టార్చి వేసి కొండనాలుక దాకా చూడండి. చేతులు కడుక్కుని చిటికెన వేలితో అంగిలి తడమండి. కింది పెదవి, చెవులు, కళ్లు, వేళ్లు చూసి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. పాలు ముక్కులోంచి వస్తున్నా, మూడేళ్లు దాటినా మాట ముక్కులోనే ఉన్నా బిడ్డను మొర్రి ఆపరేషన్లు చేసే చోటికే తీసుకుపోండి. పెదవి కుట్టించినవాళ్లు అంగిలి తేదీని గోడ కేలెండరు మీద రాసిపెట్టుకోండి. గ్రహణం నాడు ఏం చేశావని మాత్రం ఆ తల్లిని ఎవరూ అడగొద్దు.